ఆభరణ తత్త్వము

తెలుగున ‘సొమ్ము’ అను మాటకు రెండర్థములు కలవు. పెట్టెలోని ధనమును సొమ్మే, మెడలోని నగయు సొమ్మే. ‘ఇది ఎవరి సొమ్ము?’ అని అడిగినపుడు ధనమును, ‘పెండ్లికూతురు సొమ్ములు పెట్టుకొన్నది’ అన్నపుడు నగలను లోకులు గ్రహింతురు. ఈ మాట సంస్కృతమునందలి ‘స్వమ్’ అను శబ్దమునకు వికృతియని పెద్దలు చెప్పుదురు. ‘స్వమ్’ అనగా తనది అని అర్థము. నగకు తెలుగువారు ఇట్టి పేరు పెట్టుట యాదృచ్ఛికము కాదు. మానవుడు నగలు ఏల ధరించుచున్నాడను ప్రశ్నకు సమాధానము ఈ ఒక్క మాటయందే ఇమిడియున్నది. దానిని కొంత విడదీసి చూడవలెను.

అందము కొరకే నగలు ధరింతురని సాధారణముగా అనుకొందురు. అది అబద్ధము కాదు గాని, పూర్తి మాటయు కాదు. మానవుడు పొలము దున్నుటకును, కుండ చేయుటకును మిక్కిలి పూర్వమే నగ ధరించెను. ఆఫ్రికా ఖండమున మొరాకో దేశమునందలి బిజ్మూన్ గుహలో లభించిన చిన్న సముద్రపు గుల్లలను గూర్చి 2021లో పరిశోధకులు ప్రకటించిరి. వానికి రంధ్రములున్నవి. త్రాటికి గ్రుచ్చి వ్రేలాడదీయుటచే కలిగిన అరుగుదలయు కనబడుచున్నది. అవి సుమారు 1,42,000 మొదలు 1,50,000 సంవత్సరముల నాటివని నిర్ణయించిరి. ఆనాడు అద్దము లేదు. మెడలో గుల్లలు ధరించినవాడు తన మెడను తాను చూచుకొనజాలడు. చూచువాడు ఎదుటనున్నవాడే. కావున నగ మొదటినుండియు ఎదుటివానితో ఏదియో చెప్పుటకే పుట్టినదనుట యుక్తము.

ఏమి చెప్పుటకు? వేదములను చూచినచో మొదట కనబడునది రక్షణము. అథర్వవేదమున జంగిడమణిని గూర్చిన సూక్తము కలదు. ఆ మణిని కట్టుకొన్నవానిని రోగములును, పరప్రయోగములును బాధింపవని భావము. దాక్షాయణులు శతానీకునకు బంగారము కట్టిరని, అది దీర్ఘాయువు కొరకని మఱియొక సూక్తము చెప్పును. ఆ బంగారము సొగసునకు కాదు, ప్రాణమునకు కాపు.

ఆయుర్వేదమును ఇట్లే చెప్పినది. సుశ్రుత సంహిత సూత్రస్థానమున 16వ అధ్యాయము చెవులు కుట్టుటను గూర్చినది. బాలునకు చెవులు ఏల కుట్టవలెనన్నచో రక్ష కొరకును, భూషణము కొరకును అని సుశ్రుతుడు రెండు ప్రయోజనములు చెప్పెను. ఇందు రక్షయే ముందు వచ్చినది. ఆఱవ నెలగాని, ఏడవ నెలగాని తగినదట. మగబిడ్డకు కుడిచెవి ముందు, ఆడుబిడ్డకు ఎడమచెవి ముందు కుట్టవలెను. అదే అధ్యాయమున తెగిన చెవితమ్మెను మరల అతికించు విధములు 15 చెప్పబడినవి. బరువు నగలచే చెవులు సాగి తెగుట ఆనాడును కలదనుటకు ఇంతకన్న సాక్ష్యమేల! అమరావతి, నాగార్జునకొండ శిల్పములలోని స్త్రీపురుషుల చెవులను చూచినవారికి సుశ్రుతుని శ్రమ వృథా కాలేదని తోచును.

తెలుగు ఇండ్లలో పసిబిడ్డ చేతికి నల్లపూసలు, నడుమునకు మొలత్రాడు కట్టుట ఈ ప్రాచీన భావము యొక్క శేషమే. తిరుమలలో జ్యేష్ఠమాసమున మూడు దినములు జరుగు జ్యేష్ఠాభిషేకమందును ఇదే భావము కలదు. మొదటి దినమున వజ్రకవచమును, రెండవనాడు ముత్యాల కవచమును, మూడవనాడు స్వర్ణకవచమును శ్రీమలయప్పస్వామికిని ఉభయ నాంచారులకును సమర్పింతురు. ఏటేట జరుగు అభిషేకములచే ఉత్సవమూర్తులు అరిగిపోకుండుటకై ఈ ఏర్పాటు. సర్వరక్షకుడైన స్వామికి భక్తులు రక్ష కట్టుచున్నారు. పెరియాళ్వారు స్వామికే మంగళాశాసనము చేసిన సంప్రదాయమున ఇది వింత కాదు.

రక్షణము తరువాత ధనము. ఋగ్వేదమున ‘నిష్కము’ మెడలో ధరించు బంగారునగ. రుద్రుడు నిష్కధారిగా అచట వర్ణితుడు. కాలక్రమమున అదే పదము వెలకట్టుటకు వాడు బంగారు పరిమాణమునకు పేరైనది. పాణిని సూత్రములనాటికే ఆ వాడుక స్థిరపడినది. నగ నాణెమైనది. తెలుగువారు దానిని మరల త్రిప్పిరి. నాణెములను గ్రుచ్చి కాసులపేరు చేసిరి, నాణెము నగయైనది. ఆపదలో విప్పి అమ్ముకొనుటకు వీలైన ధనము స్త్రీ మెడలోనే యుండెను.

ఆ ధనము ఎవరిదను ప్రశ్నకు ధర్మశాస్త్రములు స్పష్టముగా సమాధానము చెప్పినవి. భర్త జీవించియుండగా స్త్రీ ధరించిన అలంకారములను దాయాదులు పంచుకొనరాదనియు, పంచుకొన్నచో పతితులగుదురనియు మనువు తొమ్మిదవ అధ్యాయమున శాసించెను. యాజ్ఞవల్క్యుడు ఇంకను సూక్ష్మముగా పోయెను. కఱవునందు, ధర్మకార్యమునందు, వ్యాధియందు, నిర్బంధమునందు – ఈ నాలుగు సందర్భములలో మాత్రమే భార్య సొమ్ము తీసికొన్న భర్త దానిని తిరిగి ఇయ్యకున్నను దోషము లేదు. మఱియొక పనికి తీసికొన్నచో ఇచ్చి తీరవలెను. వ్యాపారము కొఱకుగాని, ఆడపడుచు పెండ్లి కొఱకుగాని కోడలి గాజులను తాకట్టుపెట్టి మరచిపోవుటకు ఈ నాలుగింటిలో చోటెక్కడ? స్త్రీధనముపై భార్యకే సంపూర్ణ స్వామ్యము కలదని, పెండ్లియైనంత మాత్రమున అది భర్తది కాదని 1985లో భారత సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినపుడు అది క్రొత్త మాటయని కొందఱు ఆశ్చర్యపడిరి. స్మృతులు చదివినవారికి అది పాతమాటయే.

శాస్త్రము ఇంత దూరము కాపాడిన సొమ్మే నేడు ఆడుపిల్ల తండ్రికి భయకారణమగుచున్నది. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. అయినను ‘బంగారము ఎంత పెట్టుచున్నారు?’ అను ప్రశ్న పెండ్లిచూపులనుండి తొలగలేదు. కన్యకు తండ్రి ప్రేమతో పెట్టునది స్త్రీధనము. ఎదుటివారు తూచి అడిగి పుచ్చుకొనునది మఱియొకటి. రెంటికిని రూపము ఒకటియే గాన మోసపోవుదురు. మొదటిదానిలో నగ పిల్లది. రెండవదానిలో పిల్లయే నగతో కూడ తూకమునకు ఎక్కును. అమరసింహుడు ‘అలమ్’ అను అవ్యయమునకు భూషణము, పర్యాప్తి, శక్తి, వారణము అని నాలుగర్థములు చెప్పెను. అలంకారము అను పదము ఆ ‘అలమ్’ నుండియే పుట్టినది. అలంకారమనునదియు ‘అలమ్’ అనునదే, ‘ఇక చాలు’ అనునదియు ‘అలమ్’ అనునదే. మొదటి అర్థము తెలిసినవారు చాలమంది కలరు.

రక్షణము, ధనము – ఈ రెండును సత్యమే. అయినను ఈ రెండింటితో నగ సంగతి ముగియదు. రక్షకు మూలిక చాలును, ధనమునకు పొలము చాలును. ఎవరి చేతిదో ఒక నగను ఏండ్ల తరబడి విప్పక దాచుకొనుట ఎందులకు? దీనికి సమాధానము శ్రీమద్రామాయణమున కలదు. ఆదికావ్యమున కథను నడిపించు నగలన్నియు ఒకరినుండి ఒకరికి చేరినవే.

అత్రిమహర్షి ఆశ్రమమున అనసూయాదేవి సీతమ్మకు దివ్యమాల్యమును, వస్త్రమును, ఆభరణములను, అంగరాగమును ఇచ్చినది. అనసూయ అప్పటికి వృద్ధురాలు, తపస్విని. తనకు అక్కఱలేని సొగసును, వనమునకు పోవుచున్న కోడలి వయసు పిల్లకు స్వయముగా ఇచ్చి, అలంకరించుకొని కనబడుమని కోరినది. వైరాగ్యము పండినవారికి నగపై ద్వేషముండదని ఈ ఘట్టము చెప్పకయే చెప్పుచున్నది.

రావణుడు ఎత్తుకొనిపోవుచుండగా సీతమ్మ పర్వతశిఖరముపై ఐదుగురు వానరులను చూచి, ఉత్తరీయమున నగలను మూటకట్టి క్రిందికి విడిచెను. ఋష్యమూకమున సుగ్రీవుడు ఆ మూటను తెచ్చి చూపినపుడు శ్రీరాముని కన్నులు నీటితో నిండి, చూపు సాగలేదు. లక్ష్మణుని చూడుమనెను. భుజకీర్తులను ఎఱుగననియు, కుండలములను ఎఱుగననియు, నిత్యము పాదాభివందనము చేయుటచే కాలి అందెలను మాత్రము ఎఱుగుదుననియు లక్ష్మణుడు పలికెను. పదమూడేండ్లు వెంటనున్నవాడు! ఒకే నగల మూట ఒకరికి కన్నీరైనది, మఱియొకరికి తన ప్రణామముల లెక్కయైనది.

హనుమ అశోకవనమున సీతమ్మను గుర్తించిన తీరు ఇంకను సూక్ష్మము. రాముడు చెప్పిన నగలు కొన్ని ఆమె అవయవములపై కనబడినవి. ఋష్యమూకమున పడినవి ఆమె ఒంటిపై లేవు. ఉన్న నగలను, లేని నగలను కలిపి చూచి ఈమెయే జానకియని ఆ బుద్ధిమంతుడు నిశ్చయించెను. లేని నగయు సాక్ష్యము చెప్పును. తరువాత రాముని పేరు చెక్కిన అంగుళీయకమును ఇచ్చినపుడు, భర్తయే ఎదుటికి వచ్చినట్లు ఆమె సంతసించెను. ఆమె మరల పంపినది చూడామణి. దానిని తలపై కాక చీరచెఱగున ముడివేసి దాచుకొన్నది. ధరింపకయే కాపాడిన నగ అది. ఆ మణిని చూచి రాముడు తల్లిని, తనను, దశరథ మహారాజును – ముగ్గురను స్మరించునని ఆమె హనుమతో చెప్పినది. ‘తల్లి’ యనగా ఎవరి తల్లి యని వ్యాఖ్యాతలలో భేదము కలదు. ఆ చర్చ ఇట అప్రస్తుతము. పిడికిట ఇముడు ఒక మణి ముగ్గురను తెచ్చి ఎదుట నిలుపుట ముఖ్యము. రాముడు దానిని హృదయమునకు హత్తుకొని, పెండ్లినాడు జనకుడు ఇచ్చిన మణి ఇదియని తలచుకొని విలపించెను.

పట్టాభిషేకమున రాముడిచ్చిన ముత్యాలహారమును సీతమ్మ మెడనుండి తీసి, భర్త అనుమతితో హనుమకు ఇచ్చినది. హనుమ ముత్యములను కొఱికి రాముని వెదకెనను కథ లోకమున ప్రసిద్ధమే గాని వాల్మీకమున లేదు. వాల్మీకి హనుమ ఆ హారమును ధరించి, తెల్లని మబ్బుతో కూడిన పర్వతమువలె ప్రకాశించెనని మాత్రము చెప్పెను. ఆమె ఇచ్చినది, అతడు ధరించెను. పరీక్ష లేదు.

ఆభరణమను శబ్దమునకును మూలము ‘భృ’ ధాతువే. ధరించుట, పోషించుట దాని అర్థములు. భర్త, భార్య అను పదములును ఆ ధాతువునుండియే పుట్టినవి. తెలుగువారి మంగళసూత్రమున రెండు పుస్తెలుండుట అందఱు ఎఱుగుదురు. ఒకటి పుట్టినింటిది, మఱియొకటి మెట్టినింటిది. రెండిండ్లు ఒక సూత్రమున వ్రేలాడును. నగ ధరించుట అనగా ఒకరిని ధరించుట. ఎదుటివానితో నగ చెప్పునది ఇదియే: ఈ ధరించినవారు ఒకరికి చెందినవారు.

భగవంతునికి నగలు సమర్పించిన భక్తుల చరిత్రమును ఈ దృష్టితో చూడవలెను. తిరుమల శాసనములలో పల్లవ వంశీయురాలైన సామవై 966లో వెండి భోగమూర్తిని ప్రతిష్ఠింపజేసి ఆభరణములు సమర్పించిన సంగతి కలదు. శ్రీకృష్ణదేవరాయలు 1513 ఫిబ్రవరి 10న తొలిసారి తిరుమలకు వచ్చి రత్నకిరీటమును సమర్పించెను. రాజులు ఇచ్చుట సులభము. కంచర్ల గోపన్న కథ అట్టిది కాదు.

నేలకొండపల్లి వాస్తవ్యుడైన గోపన్న గోలకొండ ప్రభువు తానాషా కాలమున పాల్వంచ తహసీలుదారు. భద్రాచలమున గుడి కట్టించెను, నగలు చేయించెను, సర్కారు పైకము వ్యయపఱచి గోలకొండ చెఱసాల పాలయ్యెను. పండ్రెండేండ్లు చెఱలోనుండెనని సంప్రదాయము. ఆ చెఱలో పాడిన కీర్తనయందు సీతమ్మకు చింతాకు పతకమును, రామునకు కలికితురాయిని, లక్ష్మణునకు ముత్యాల పతకమును, భరతునకు పచ్చల పతకమును, శత్రుఘ్నునకు బంగారు మొలత్రాడును చేయించితినని ఒక్కొక్కటి ఎత్తిచూపి, ఎవడబ్బ సొమ్మని ధరించి తిరుగుచున్నావని నిలదీసెను. ‘సొమ్ము’ అను మాట అక్కడ రెండర్థములతోను మ్రోగును. నిందాస్తుతియని పండితులు దీనిని సమర్థింతురు. సమర్థనము అవసరము లేదు. దెబ్బలు తిన్నవాడు లెక్క అడిగెను, మరుక్షణమున ఆ దెబ్బలకు ఓర్వలేక తిట్టితినని స్వామినే క్షమాపణ వేడెను. ఇచ్చినదానిని లెక్కపెట్టు బుద్ధి ఎంతటి భక్తునియందైనను ఒక మూల దాగియుండునని, దానిని దాచుకొనక స్వామి ఎదుటనే పరచుటయు భక్తియేనని తెలియుటకు ఈ కీర్తనము చాలును. ఆ నగలు నేటికిని భద్రాచలమున కలవు.

తిరుమల బ్రహ్మోత్సవములలో గరుడసేవను సేవించిన యాత్రికులు ఒక విషయము గమనించియుందురు. మూలమూర్తి ధరించు మకరకంఠి, లక్ష్మీహారము, సహస్రనామమాల ఆనాడు మలయప్పస్వామికి అలంకరింపబడును. ఆనాడే శ్రీవిల్లిపుత్తూరునుండి వచ్చిన గోదాదేవి పూలమాలను స్వామి ధరించును. తండ్రి కట్టిన మాలను తాను ముందు ధరించి, నీటిలో నీడ చూచుకొని పంపిన పిల్ల ఆమె. తండ్రి దోషమని భయపడినను, స్వామికి ఆమె విడిచిన మాలయే ప్రియమైనది. కృష్ణరాయలు తన కావ్యమునకు ‘ఆముక్తమాల్యద’ అని పేరిడినది ఈ సంగతినిబట్టియే. రత్నకిరీటమిచ్చిన చక్రవర్తి కావ్యమునకు వస్తువుగా గ్రహించినది వాడిపోవు పూలదండను.

ఇచటివరకు మానవుడు ధరించు నగలును, స్వామికి ఇచ్చు నగలును చెప్పబడినవి. స్వామి తనంత తాను ధరించు నగ ఏది? శ్రీవిష్ణుపురాణము ప్రథమాంశమున 22వ అధ్యాయమున మైత్రేయుడు ఈ ప్రశ్ననే వేసెను. వసిష్ఠుడు తనకు చెప్పినదానిని పరాశరుడు అతనికి చెప్పెను. శ్రీవత్సము ప్రకృతి, గద బుద్ధి, చక్రము మనస్సు, శంఖ శార్ఙ్గములు రెండు విధములగు అహంకారములు, ముత్యము, మాణిక్యము, మరకతము, ఇంద్రనీలము, వజ్రము కూర్చిన వైజయంతి పంచభూతముల కారణము, బాణములు ఇంద్రియములు, ఖడ్గము విద్య, దాని ఒర అవిద్య. వీనియన్నింటి నడుమ వక్షఃస్థలమున వెలుగు కౌస్తుభము జీవాత్మ. నిర్మలమై, నిర్లేపమైన ఆత్మను శ్రీహరి కౌస్తుభరూపమున ధరించుచున్నాడని పరాశరుని మాట.

శ్రీవైష్ణవ సిద్ధాంతమున జీవుడు ‘స్వమ్’, భగవంతుడు ‘స్వామి’. జీవుడు స్వామికి చెందిన వస్తువు. స్వమ్ అను శబ్దమే తెలుగున సొమ్మైనది. కనుక జీవుడు స్వామికి సొమ్ము – ధనమును అతడే, నగయు అతడే. ఆచార్యులు గంభీరముగా ప్రతిపాదించిన సంబంధమును తెలుగు పల్లెలో నగకు పేరు పెట్టిన అజ్ఞాతవ్యక్తి ఎట్లు పట్టుకొన్నాడో! తన ఆత్మను తనదే యనుకొనుటను పెద్దలు ఆత్మాపహారమనిరి. అనగా ఆత్మను దొంగిలించుట. సొమ్ము స్వామిదైనపుడు, అది నాదనువాడు కౌస్తుభమునకు చేయి చాచినవాడే యగును.

దొంగను గూర్చియు ఒక కథ సంప్రదాయమున కలదు. తిరుమంగై ఆళ్వారు భాగవతులకు అన్నము పెట్టుటకై దారిదోపిడి చేయుచుండెను. ఒకనాడు పెండ్లివారి వేషమున వచ్చిన లక్ష్మీనారాయణులను అటకాయించి నగలన్నియు ఒలిచెను. వరుని కాలివ్రేలి ఉంగరము ఊడిరాకున్న వంగి పండ్లతో లాగెను. మూటను ఎత్తబోగా అది కదలలేదు. ఏ మంత్రము వేసితివో చెప్పుమని గద్దించగా, వరుడు అతని చెవిలో అష్టాక్షరి ఉపదేశించెను. నగకొఱకు వంగినపుడే అతని శిరస్సు పాదములను తాకినది. మూటను వదలి మంత్రము పట్టుకొన్నాడు.

కులశేఖరాళ్వారు కౌస్తుభాంశ సంభూతుడని ప్రసిద్ధి. చేరదేశమును ఏలుచు, భాగవతులను అంతఃపురమునకు సైతము రానిచ్చుట మంత్రులకు గిట్టలేదు. వారు ఆరాధనమూర్తి శ్రీరాముని హారమును దాచి, వైష్ణవులు దొంగిలించిరని చెప్పిరి. రాజు విచారణ చేయలేదు. విషసర్పమున్న కుండను తెప్పించి, భాగవతులు ఇట్టి పని చేసిన పక్షమున ఈ సర్పము నన్ను కఱచుగాక యని అందు చేయి పెట్టెను. పాము కఱవలేదు. మంత్రులు హారమును తెచ్చి ఇచ్చిరి. పోయిన నగకొఱకు కాక, నగ ధరించినవాని పరివారము కొఱకు ఆయన ప్రాణమొడ్డెను. తరువాత రాజ్యమును విడిచిపెట్టెను.

స్వామి వక్షమున మెఱయు మణియొక్క అంశగా పుట్టిన ఆ ఆళ్వారు పెరుమాళ్ తిరుమొழిలో వేంకటాద్రిపై పక్షిగానైనను, చేపగానైనను, చెట్టుగానైనను పుట్టవలెనని కోరుచు పోయి, చివరకు సన్నిధిలోని మెట్టుగా పడియుండి స్వామి పెదవులను చూచుచుండవలెనని కోరెను. ఆనందనిలయమున గర్భాలయపు గడపకు ‘కులశేఖర పడి’ అని పేరు. సర్వాభరణ భూషితుడైన శ్రీనివాసుని సేవించుటకు వెళ్ళు అర్చకస్వాములు నిత్యము ఆ గడపను దాటియే లోనికి పోవుదురు.